తమ్ముడి పథ్యం

జబ్బు తగ్గాక కూడా ఇంత అలసట ఉంటుందని నాకెవరూ చెప్పలేదు. చెప్పి ఉంటే ఏం చేసేదాన్నో తెలియదు కానీ, కనీసం అందరి మీదా ఇంతగా విసుక్కునేదాన్ని కాదేమో. రక్త క్యాన్సరుకి ఏమేం చేస్తారో చెప్పారు. జుట్టు ఊడుతుందన్నారు, నోరంతా పుండ్లు పడతాయన్నారు. చెప్పినవన్నీ చెప్పిన వరసలోనే జరిగాయి. మూలకణాల మార్పిడి అయి, తమ్ముడి కణాలు నా ఎముకల్లో కుదురుకున్నాక, ఇక ఇంటికి వెళ్ళొచ్చని హైదరాబాదు డాక్టరు గారు నవ్వుతూ అన్నారు. ఆ తరవాతి సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. కథ అక్కడితో అయిపోయిందనే అనుకున్నాం అందరం.

గుడివాడలో మా ఇల్లు మేడ మీద. స్కూల్లో లెక్కలు చెప్పి వచ్చి, ఒక చేతిలో దిద్దాల్సిన పేపర్లు, ఇంకో చేతిలో కూరగాయల సంచీ పట్టుకుని ఆ మెట్లు ఎక్కేదాన్ని. ఇప్పుడు సగం మెట్ల దగ్గర మా ఆయన ఒక ప్లాస్టిక్ కుర్చీ వేశారు. పైకి వెళ్ళేవాళ్ళు, కిందికి దిగేవాళ్ళు నన్ను ఆ కుర్చీలో చూసి పలకరిస్తారు. "గండం గడిచింది కదండీ టీచర్ గారూ, ఇంకేం" అంటారు. "మొహంలో కళ వచ్చిందండీ" అంటారు. అది కళ కాదు, స్టెరాయిడ్ బిళ్ళలు మింగితే ఉబ్బిన మొహం. పూరీలా ఉందని నాకు తెలుసు. అయినా "అంతా దేవుడి దయండీ" అని నవ్వుతాను. ఆ నవ్వుకే సగం ఓపిక పోతుంది, మిగిలిన సగంతో మిగిలిన మెట్లు ఎక్కుతాను.

పొద్దున లేవగానే కాళ్ళు, చేతులు తిప్పి చూసుకుంటాను, ఎక్కడైనా కమిలిందా అని. జబ్బు మొదట అలాగే బయటపడింది, ఏ బల్లా తగలకుండానే తొడ మీద అరచేతంత నల్లటి మచ్చ. ఇప్పుడు అలాంటిదేమీ కనపడదు. కనపడనందుకు సంతోషించాలి కదా. సంతోషం రాదు, ఇవాల్టికి సరిపోయింది అనిపిస్తుంది, అంతే. తరవాత బిళ్ళలు, కళ్ళలో చుక్కలు, ఒంటికి పూత. ఇవన్నీ అయ్యేసరికి మళ్ళీ పడుకోవాలనిపిస్తుంది.

ఆసుపత్రిలో నేను ఏడవలేదు. గాజు తలుపు అవతల నిలబడ్డ వాళ్ళ కోసం చెయ్యి ఊపేదాన్ని. ఇంటికి వచ్చాక మాత్రం ఒకరోజు పెరుగు తోడుకోలేదని ఏడ్చాను. పాలు పాలలాగే ఉన్నాయి గిన్నెలో. మా ఆయన కంగారుపడి బజారుకి పరిగెత్తబోయి, బయటి పెరుగు నేను తినకూడదని గుర్తొచ్చి, చెప్పులు తొడుక్కుని గుమ్మంలోనే నిలబడిపోయారు. ఆయన్ని అలా చూసి ఇంకా ఏడుపొచ్చింది. విజయవాడ హాస్టల్లో ఉండే మా అమ్మాయి ఆ సాయంత్రమే వీడియో కాల్ చేసి, "బాగున్నావమ్మా, లావయ్యావు" అంది సంబరంగా.

నాకు ప్రాణం పోసినవాడు మా తమ్ముడు. దివిసీమలో, నాగాయలంక దాటాక సముద్రం వైపు ఉన్న మా ఊళ్ళో రొయ్యల చెరువులు చేస్తాడు. మా నాన్న పడవ మీద వేటకి వెళ్ళేవారు. నాన్న పోయాక వీడు సముద్రం వంక చూడనని, ఉప్పునేలలో చెరువులు తవ్వుకున్నాడు. కాలికి ఆల్చిప్ప కోసుకున్నా పట్టించుకోడు కానీ సూది చూస్తే మాత్రం మొహం తిప్పుకుంటాడు. నా రక్తానికి సరిపడేది వాడి ఒక్కడిదే అని తేలినప్పుడు వాడు అడిగింది ఒక్కటే, "సూదులు ఎన్ని ఉంటాయండీ?" అని. కణాలు పెరగడానికి వరసగా కొన్ని రోజులు ఇంజెక్షన్లు చేశారు. ఎముకలు పీకుతున్నాయని ఒకటే మూలుగు. ఆఖరిరోజు ఒక చేతిలోంచి రక్తం తీసి, మిషన్లో తిప్పి, ఇంకో చేతిలోకి ఎక్కించారు. అది అయిపోయాక గాజు అవతలి నుంచి ఫోన్లో అన్నాడు.

"సీడ్ వదలడం లాంటిదేగా అక్కా ఇది."

సీడ్ అంటే రొయ్య పిల్లలు. చెరువులో వదిలాక కొన్నాళ్ళ దాకా అవి బతికాయో చచ్చాయో తెలీదట, గట్టు మీద కూర్చుని నీళ్ళ వంక చూస్తూ ఉండటమేనట. అలాగే కూర్చున్నాడు వాడు ఆసుపత్రి వరండాలో, ఊళ్ళో తన చెరువుల్ని జీతగాళ్ళ మీద వదిలేసి. రోజూ సిస్టర్ని నా కణాల కౌంట్ ఎంత అని అడిగేవాడు. "మాకు కిలోకి తూగే రొయ్యల కౌంట్ తగ్గితే రేటు అక్కా, నీకేమో పెరగాలంటున్నారు" అని నవ్వించబోయేవాడు. పెరిగింది. నా రక్తం గ్రూపు కూడా మారిపోయి వాడి గ్రూపు వచ్చింది. అది విని మా అమ్మ ఆసుపత్రి అని కూడా చూడకుండా దేవుడి పాట అందుకుంది.

అంతా బాగానే ఉంది కానీ, ఆనాటి నుంచి తమ్ముడితో పోట్లాడే హక్కు నాకు పోయింది. చిన్నప్పటి నుంచి మేమిద్దరం మాట్లాడుకున్న దానికంటే పోట్లాడుకున్నదే ఎక్కువ. అమ్మ ఎవరి దగ్గర ఉండాలి, నాన్న సమాధికి రాయి ఎలాంటిది వెయ్యాలి, వాడు బండి ఎంత వేగంగా నడుపుతాడు, దేని మీదైనా సరే. ఇప్పుడు వాడు ఏమన్నా "సరేరా" అంటున్నాను. వాడు కూడా నాతో మెల్లగా, పెళ్ళిచూపులకి వచ్చిన చుట్టంలా మాట్లాడటం మొదలుపెట్టాడు. ప్రాణం ఇచ్చినవాణ్ణి నోటికొచ్చినట్టు ఎలా తిడతాం? నాకు అది చాలా లోటుగా ఉండేది. ఎవరితో చెప్పినా నవ్వుతారని చెప్పలేదు.

మా అమ్మ నన్ను చూసుకోవడానికి గుడివాడ వచ్చి మా ఇంట్లోనే ఉండిపోయింది. ఆమె లెక్కలో నేను బాలింతని, పసిబిడ్డని కూడా. చెవుల్లో దూది పెడతానంటుంది. డాక్టరు గారు వద్దన్నారని చెప్తే, "డాక్టర్లు కన్నారా పిల్లల్ని" అంటుంది. బాలింతలకి పెట్టే సొరచేప పిట్టు, వెల్లుల్లి ఎక్కువేసి, ఆసుపత్రి వాళ్ళు కారం వద్దన్నందుకు మిరపకాయ లేకుండా చేసి పెట్టింది. ఆమె మాటకి బలం చేకూరుస్తున్నట్టు, చిన్నప్పుడు వేయించుకున్న టీకాలన్నీ మళ్ళీ వేయించుకోవాలన్నారు. పిల్లల ఆసుపత్రిలో బెంచీ మీద, ఏడుస్తున్న పిల్లల మధ్య, మాస్కు కట్టుకుని కూర్చున్నాను. నర్సు వచ్చి "పాప ఏదండీ?" అంది. "నేనేనండీ" అన్నాను. మా అమ్మ పక్కనుంచి "ఔనమ్మా, మా పాపే" అంది, తమాషాకి కూడా కాదు.

బిళ్ళలు తగ్గిస్తూ వస్తుంటే దద్దుర్లు మొదలయ్యాయి. ముందు మెడ, తరవాత చేతులు, వీపు. నోరు ఎండిపోయేది, కళ్ళలో ఇసుక పోసినట్టుండేది. ఆ ఆదివారం తమ్ముడు మా ఇంట్లోనే ఉన్నాడు. అప్పట్లో ప్రతి ఆదివారం చర్చి అయ్యాక, అవనిగడ్డ, చల్లపల్లి, పామర్రు మీదుగా బండి వేసుకుని వచ్చేవాడు. డాక్టరు గారికి ఫోన్ చేసి స్పీకరు పెట్టాం. ఆయన అర్థమయ్యేలా చెప్పాలని తేలిక మాటల్లోనే చెప్పారు.

"మీ తమ్ముడి కణాలు మీ ఒంటిని పరాయిదనుకుంటున్నాయమ్మా. అందుకే దాని మీదికి పోతున్నాయి."

తమ్ముడు లేచి బాల్కనీలోకి వెళ్ళిపోయాడు. ఆ తరవాత డాక్టరు గారు ఇంకో మాట కూడా అన్నారు. ఇది కొంచెం ఉంటే మంచిదేనని, ఆ కణాలు మెలకువగా ఉన్నట్టు లెక్కని, జబ్బు ఎక్కడైనా మిగిలి ఉంటే దాన్నీ తరుముతాయని. ఆ మాట వాడు వినలేదు. నేను చెప్దామనుకుంటూనే పడుకుండిపోయాను. లేచేసరికి వెళ్ళిపోయాడు.

ఆ తరవాతి ఆదివారం రాలేదు. ఆ పై ఆదివారం చెరువుకి ఏదో తెగులన్నాడు. ఇంకోసారి కరెంటు లేదు, చెరువు నీళ్ళకి గాలి పట్టించే ఏరేటర్లు ఆగిపోయాయన్నాడు. ఫోన్ చేసినప్పుడు మాత్రం ఒకటే ప్రశ్న, "దురద ఎలా ఉందక్కా?" అని. "ఉందిరా" అంటే పెట్టేసేవాడు. నెలలు అలాగే గడిచాయి. నేను వాడికి విసుగొచ్చేశానని అర్థం చేసుకున్నాను. ఎవరికి రాదు? నాకే నేనంటే విసుగ్గా ఉంది. అయినా ఏడుపొచ్చింది, కోపం వచ్చింది. ఫోన్ చేసి నాలుగు దులిపేద్దామని తీసి, ఒంట్లో తిరుగుతున్నది వాడి రక్తమేనని గుర్తొచ్చి పక్కన పడేశాను.

ఇలా ఉండగా మా అమ్మ కృతజ్ఞత కూటం ఏర్పాటు చేసింది. నేను ఆసుపత్రిలో ఉండగా మొక్కుకుందట, బిడ్డ బతికి వస్తే మా ఊరి చర్చి సంఘం ముందు సాక్ష్యం చెప్పిస్తానని. మాలో ఇది మామూలే. కష్టం గట్టెక్కినవాళ్ళు పదిమంది ముందు మైకు పట్టుకుని, దేవుడు తమకి చేసిన మేలు చెప్పాలి. చిన్నప్పటి నుంచి ఎన్నో విన్నాను. అందరూ చెప్పే తీరు ఒక్కటే. డాక్టర్లు చేతులెత్తేశారు, ప్రార్థన చేశాం, పూర్తిగా నయమైపోయింది. నా విషయంలో డాక్టర్లు చేతులెత్తేయలేదు, పూర్తిగా నయమూ కాలేదు. ఇక నేనేం చెప్పాలి?

"నా వల్ల కాదమ్మా" అన్నాను.

"నీ కోసం ఉపవాసాలున్నారే వాళ్ళు. ఒక్క మాట చెప్పలేవా?"

"నా దగ్గర సంతోషం లేదమ్మా. లేనిది ఉందని ఎలా చెప్పను?"

"ఉన్నప్పుడే చెప్తారా ఏమిటి?" అంది అమ్మ, బీరకాయ చెక్కు తీస్తూ.

డాక్టరు గారు కూడా నా పక్షాన నిలబడలేదు. ఆరుబయట అయితే వెళ్ళొచ్చు, మాస్కు పెట్టుకోండి, ఎండ తగలనివ్వకండి అన్నారు. అయ్యగారు, అంటే మా ఊరి పాస్టరు గారు, స్వయంగా ఫోన్ చేసి తమ్ముడి ఇంటి ముందే షామియానా వేయిస్తున్నాం అన్నారు. ఇక వెళ్ళక తప్పలేదు.

కారులో వెనక సీటు మీద పడుకుని వెళ్ళాను. పామర్రు సెంటర్లో బస్సుల హారన్లు, మొవ్వ దాటాక రెండువైపులా వరి నాట్లు ఊడ్చిన చేలు. ఒకప్పుడు ఈ దారిలో కిటికీ దించి తల బయట పెట్టేదాన్ని. ఇప్పుడు నా ధ్యాసంతా తరవాత బాత్రూం ఎక్కడ దొరుకుతుందన్న దాని మీదే. పులిగడ్డ వంతెన మీద మా ఆయన "కృష్ణ చూడు" అన్నారు. లేచి చూశాను. నీళ్ళున్నాయి. మళ్ళీ పడుకున్నాను.

తమ్ముడు గేటు దగ్గర నిలబడి ఉన్నాడు. వాడు సగమైపోయాడు. చొక్కా కొంకికి తగిలించినట్టు వేలాడుతోంది. బుగ్గలు లోపలికి పోయాయి, మెడ సన్నబడింది. ముందుగా వాడు నా మొహం చూడలేదు, చేతుల చివర, జాకెట్టు అంచు కింద కనపడే చర్మం చూశాడు. "వచ్చావా అక్కా" అని, మా ఆయన చేతిలో సంచీ అందుకుని, "రండి బావా" అంటూ లోపలికి వెళ్ళిపోయాడు.

నాకు తట్టింది ఒక్కటే. వీడికీ వచ్చింది.

నాకూ మొదట అలాగే ఒళ్ళు తగ్గింది. నాకూ అలాగే మొహం పాలిపోయింది. నాకు కణాలిచ్చి వాడు ఏమైపోయాడో అనుకున్నాను. అలా జరగదని డాక్టరు గారు ముందే చెప్పారు, నాకు తెలుసు. తెలిసినా నమ్మకం కుదరలేదు. ప్రార్థన జరుగుతున్నంతసేపూ అందరూ కళ్ళు మూసుకుంటే నేను తెరిచి, పక్క వరసలో కూర్చున్న వాడి మోచేతులు, మెడ వెతుకుతూ ఉన్నాను, ఎక్కడైనా నల్లటి మచ్చ కనపడుతుందేమోనని.

అయ్యగారు నా పేరు పిలిచి మైకు ఇచ్చారు. లేచి నిలబడ్డాను. షామియానా కింద అందరూ తెలిసినవాళ్ళే, చేపల బుట్టలు పక్కన పెట్టి వచ్చిన ఆడవాళ్ళు, తెల్లచొక్కాలు తొడుక్కున్న మగవాళ్ళు. మా అమ్మ ముందు వరసలో చేతులు జోడించి కూర్చుంది. చెప్పాల్సిన మాటలు నాకు కంఠతా వచ్చు. నోరు తెరిస్తే అవి రాలేదు.

"వందనాలండీ" అన్నాను. "మీరు ప్రార్థన చేశారు. నేను బతికే ఉన్నాను. పూర్తిగా నయమైందని మాత్రం చెప్పలేనండీ. ఒంటి మీద దద్దుర్లున్నాయి. నోరు ఎండిపోతుంది. అబద్ధం చెప్పకూడదు కదండీ ఇక్కడ. నేను బాగా అలిసిపోయాను. దేవుడికి థాంక్స్ చెప్పడానికి కూడా ఓపిక ఉండట్లేదు. ఇంకొన్నాళ్ళు నా బదులు మీరే ప్రార్థన చేయండి."

ఎవరూ చప్పట్లు కొట్టలేదు, స్తోత్రం అనలేదు. మా అమ్మ నేల చూపులు చూస్తోంది. అప్పుడు ఎండుచేపలు అమ్మే ఒక ముసలామె లేచి, తన కుర్చీ నా వెనక్కి జరిపి, "కూర్చో అమ్మా, నిలబడకు" అంది. అంతే. అయ్యగారు గొంతు సవరించుకుని పాట ఎత్తుకున్నారు.

భోజనాలకి బయట బిర్యానీ, ఇంట్లోవాళ్ళకని వంకాయ ఎండురొయ్యల కూర, గోంగూర. నాకు వేరుగా మెత్తటి అన్నం, చప్పిడి బీరకాయ. మా నలుగురికీ లోపల వడ్డించారు. తమ్ముడి కంచం చూశాను. మెత్తటి అన్నం, చప్పిడి బీరకాయ. రొయ్యలు పండించేవాడు, చెరువులో రొయ్యలు తీసే పట్టుబడి రోజున గట్టు మీదే మొదటి రొయ్యలు వేయించుకుని తినేవాడు, తల వంచుకుని బీరకాయ కలుపుకుంటున్నాడు.

నేను చెయ్యి కడిగేసుకుని వంటింట్లోకి వెళ్ళి మరదల్ని పట్టుకున్నాను.

"వాడికి రక్తపరీక్ష చేయించారా? నిజం చెప్పు. ఏం జబ్బు?"

ఆమె తలుపు దగ్గరికి వేసింది. "జబ్బేంటి వదినా. పథ్యం."

"ఏం పథ్యం?"

"నీకు దద్దుర్లు వచ్చిన కాడి నుంచీ చేస్తున్నాడు మీ తమ్ముడు. వంకాయ లేదు, గోంగూర లేదు, రొయ్య ముట్టడు, ఎండుచేప వాసన కూడా పడనివ్వడు. మా పెద్దోడు పాలు తాగేటప్పుడు వాడికి ఒళ్ళంతా పేలితే, అత్తయ్య నన్ను ఆర్నెల్లు నోరు కట్టేసింది గుర్తుందా? తల్లి తిన్నది బిడ్డకి వస్తదని. అది పట్టుకున్నాడు ఈయన. నా కణాలు అక్క ఒంట్లో ఉన్నాయి, నేను వేడి చేసేవి తింటే అక్కకి పేలుద్ది అంటాడు. అత్తయ్యకి చెప్పొద్దన్నాడు, నీకైతే అసలే చెప్పొద్దన్నాడు. నేను చెప్పానని అనబాక వదినా."

ముందు నాకు నవ్వొచ్చింది. నవ్వబోతే అది ఇంకోలా బయటికి వచ్చింది. వంటింటి గట్టు పట్టుకుని కాసేపు నిలబడ్డాను. మరదలు మంచినీళ్ళిచ్చింది. తాగి, వాడి కోసం వెళ్ళాను.

ఇంటి వెనకాల చెరువు గట్టు మీద, మేత బస్తాలు పెట్టే పాక నీడలో కూర్చుని ఉన్నాడు. ఏరేటర్లు నీళ్ళు చిమ్ముతున్నాయి. గొడుగు వేసుకుని నేను అంతదూరం నడిచి రావడం చూసి లేచి నిలబడ్డాడు.

"ఎండలో ఎందుకొచ్చావక్కా?"

"నోరు ముయ్యి" అన్నాను. "ఒళ్ళు చూసుకున్నావట్రా అద్దంలో? నీకూ క్యాన్సరొచ్చిందనుకుని చచ్చాను నేను పొద్దుట్నుంచీ. డిగ్రీ దాకా చదివావు, సిగ్గు లేదూ? నేనేమన్నా నీ పాలు తాగుతున్నానా?"

"నీకు చెప్పేసిందా అది?"

"దాని మీదికి పోకు. నువ్వు తింటే నాకెలా వస్తుందిరా? ఆ కణాలు ఇప్పుడు నా తిండి తింటున్నాయి. నువ్విక్కడ బీరకాయ తింటున్నట్టు వాటికెవరు చెప్తారు?"

"వాటికి తెలీదని డాక్టరు గారు చెప్పారా?"

ఆ ప్రశ్న ఏ డాక్టర్ని అడుగుతాం? నేను ఆగడం చూసి వాడికి ధైర్యం వచ్చింది, గొంతు పెంచాడు.

"నావేగా నిన్ను కొరుక్కు తింటున్నాయి. విన్నాను కదా నేను. పరాయిదనుకుంటున్నాయంట. నా అక్క ఒళ్ళు నా రక్తానికి పరాయిదా? ఆ మాట విన్నాక నీ ముందుకి ఎట్టా రమ్మంటావ్? ఏదో ఒకటి చెయ్యాలి కదా నేను. ఊరికే కూర్చోవాలా?"

"వచ్చి తిట్లు తినొచ్చుగా. సగం విని బాల్కనీలోకి పోయావు, మిగతా సగం వినేవాళ్ళెవరు?" డాక్టరు గారు అన్న రెండో మాట అప్పుడు చెప్పాను. దురద ఉంటేనే అవి కాపలా కాస్తున్నట్టు లెక్కని. ఆ మాట ఇన్ని నెలలు నా దగ్గర ఉండిపోయింది. వాడు నమ్మనట్టు చూశాడు. నేను ఇంకా అరిచాను. బండి వేగం దగ్గర్నుంచి నాన్న సమాధి రాయి దాకా, అప్పటిదాకా మింగినవన్నీ ఒక్కొక్కటే బయటపెట్టాను. వాడు కూడా తగ్గలేదు. అమ్మని నేనే దగ్గర పెట్టుకున్నానని, వాడి పిల్లలకి నాయనమ్మ లేకుండా చేశానని అన్నాడు. చెరువులో మేత చల్లుతున్న జీతగాడు పడవ ఆపి మా వంక చూశాడు. ఊపిరి అందక మేత బస్తా మీద కూలబడ్డాను. అయినా ఎన్నాళ్ళుగానో లేనంత హాయిగా ఉంది.

వాడు పక్కన కూర్చున్నాడు. "ఒక పని చేద్దాం" అన్నాడు.

"ఏంటి?"

"ఇప్పుడు తింటాను. వంకాయ, ఎండురొయ్యలు, గోంగూర, అన్నీ. రేపు పొద్దున ఫోన్ చేస్తా. దద్దుర్లు పెరిగాయనుకో, మళ్ళీ మానేస్తా. ఇంకేం మాట్లాడకూడదు నువ్వు. పెరక్కపోతే నువ్వు చెప్పింది రైటు."

"సరే."

"అబద్ధం చెప్పకూడదు." వాడు నా వంక చూసి, ఆ రోజు మొదటిసారి కొంచెం నవ్వాడు. "నువ్వు చెప్పవులే. అంతమంది ముందు మైకులోనే చెప్పనిదానివి."

మరదలు కంచం పాకలోకే తెచ్చింది. మొదటి ముద్ద నోట్లో పెట్టుకునేటప్పుడు వాడి చెయ్యి ఆగింది, నా మెడ వంక చూశాడు. "తినరా" అన్నాను. తిన్నాడు. తరవాత ఆగలేదు. కూర గిన్నె కంచంలోకి వంచుకుని, వేళ్ళు నాకుతూ తిన్నాడు. మా అమ్మ ఇంటి వెనక గుమ్మంలోకి వచ్చి, సాక్ష్యం పాడుచేశానని నా మీద ఇంకా కోపంగానే, "వాడికేమైందే అంత ఆకలి" అంది. వాడు గోంగూర ఇంకొంచెం కలుపుకున్నాడు.

చీకటిపడక ముందే గుడివాడ చేరాం. ప్రయాణం వల్లో, గట్టు మీద ఎండ కొట్టడం వల్లో, ఎంతైనా అరిచాను కదా, మంచం ఎక్కగానే నిద్రపట్టింది.

పొద్దున దురదకే మెలకువ వచ్చింది. కిటికీ దగ్గరికి వెళ్ళి చూసుకున్నాను. మెడ కింద, రెండు చేతుల మీద, కొత్తగా మోకాళ్ళ వెనక కూడా ఎర్రగా దద్దుర్లు. ఇవి ఎండకి వస్తాయి, అలసటకి వస్తాయి, ఏ కారణం లేకుండానూ వస్తాయి. నాకు తెలుసు అది. పూత సీసా మూత తీస్తుండగానే ఫోన్ మోగింది. వెనక ఏరేటర్ల చప్పుడు వినపడుతోంది.

"అక్కా, ఎలా ఉంది?"

నేను చెయ్యి చూసుకున్నాను.

"ఏం లేదురా. నిన్నటికంటే తగ్గింది."

"నిజం?"

"నిజం." షామియానా కింద ఎంత ప్రయత్నించినా రాని మాట, ఇప్పుడు మంచినీళ్ళంత తేలిగ్గా వచ్చేసింది.

అవతల వాడు ఊపిరి వదలడం వినపడింది. "అయితే ఇవాళ రెండో చెరువు పట్టుబడి. ఆదివారం తెస్తాను మీకు. నువ్వు తినకూడదుగా, బావకీ అమ్మకీ" అన్నాడు. ఎవరినో బుట్టలు ఇటు తెమ్మని కేకేస్తూ పెట్టేశాడు.

పూత రాసుకుని, పొడుగు చేతుల జాకెట్టు తొడుక్కుని, గుండీలు మణికట్టు దాకా పెట్టుకున్నాను. వంటింట్లోంచి అమ్మ అడిగింది, "ఎవరే పొద్దున్నే?"

"తమ్ముడమ్మా."

"ఏమంటాడు?"

"ఆదివారం వస్తాడంట" అన్నాను.